చెప్పి ఎక్కించే కారులో హిందూపురం నుంచి ధర్మవరం దాకా

మా బందరులో హిందూపురం చూసినవాళ్లు తక్కువ. నేను 1961 ఏప్రిల్ ఎనిమిది నుంచి పదిహేడు దాకా ఆ వైపు ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఇరుగుపొరుగు ఆడవాళ్లు "ధర్మవరం పట్టుచీర కొన్నావా?" అని ఒకటే అడుగుతున్నారు. కొనలేదు. ధరలు కనుక్కుని వచ్చాను, కావలసినవాళ్లకు చెబుతాను. అరవై రూపాయలకు తక్కువలో కట్టుకోదగ్గ చీర లేదు.

నేను వెళ్లింది చీరలకు కాదు. మా తమ్ముడు రాఘవ అక్కడ బాడుగ కార్ల కంపెనీ నడుపుతున్నాడు. అది నిలుస్తుందో మూతపడుతుందో ఆ వారంలో తేలుతుందని, ఒక్కసారి వచ్చి పక్కన ఉండమని కబురు చేశాడు. చిన్నప్పుడు పరీక్షలకు కూడా నన్ను పక్కన కూర్చోమన్నవాడు కాదు. అందుకని మా ఆయనకు పచ్చళ్లు జాడీల్లో సర్దిపెట్టి బయలుదేరాను.

హిందూపురం

రాఘవ మద్రాసులో ఇరవై ఆరేళ్లు కాలేజీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పాడు. మా మరదలిది పరిగి. ఆమె పోయాక, ఆమె ఊరికి దగ్గరగా ఉంటానని హిందూపురం చేరాడు. ఉన్న సొమ్ముతో రెండు పాత విదేశీ కార్లు కొన్నాడు. "ఇన్నేళ్లూ ధర్మం అంటే ఏమిటో నల్లబల్ల మీద రాశాను అక్కయ్యా. వ్యాపారంలో పెడితే అది నిలబడుతుందో లేదో ఒకసారి చూడాలి" అన్నాడు. అలా అన్నప్పుడు వాడి వయసు యాభై ఎనిమిది.

బజారు చివర రేకుల షెడ్డు. లోపల ఒక కారు ఇంజను విప్పి ఇటుకల మీద నిలబెట్టి ఉంది. నడిచేది ఒక్కటే, నల్లది. గోడ మీద సున్నంతో మూడు నియమాలు రాయించాడు. ఆపదలో ఉన్నవాళ్ల దగ్గర బాడుగ ఎక్కువ అడగరాదు. అలసిన డ్రైవరు కారు నడపరాదు. కారు లోపం కారులో కూర్చునేవాళ్లకు చెప్పకుండా కదలరాదు.

మొదటి రెండింటితో పేచీ లేదు. మూడోదే కంపెనీని ముంచుతోంది. అది ఎలాగో మరునాడు ఆదివారం పొద్దున కళ్లారా చూశాను.

రొళ్ల వైపు రైతు ఒకాయన ముసలి తల్లిని, భార్యను వెంటబెట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి కారు మాట్లాడుకున్నాడు. అందరూ ఎక్కారు. ఒడిలో కొబ్బరికాయలు పెట్టుకున్నారు. అప్పుడు డ్రైవరు నాగప్ప కారు ముందు నిలబడి చేతులు కట్టుకుని, అప్పగించిన పాఠంలా చెప్పాడు.

"అమ్మా, అప్పా, వినండి. ఈ కారుకు మొదటి తొక్కుకు బ్రేకు పట్టదు. రెండోతూరి తొక్కితే పడతాది. లోపల రబ్బరు ముక్క పోయుండాది, మద్రాసులో దొరకల్యా. నేను నిదానంగానే పోతా. ఇష్టముంటే కూచోండి, ల్యాకుంటే దిగండి. దుడ్లు వాపసు ఇస్తాం."

ముసలమ్మ అందరికంటే ముందు దిగింది. "బయల్దేరే గడియలో ఏం మాటలు ఇవి, నీ నోట్లో మన్ను పడ!" అంది. రైతు కొబ్బరికాయలు సంచిలో వేసుకుంటూ, "ఏమప్పా, మీ కారెక్కేదానికంటే పాడె ఎక్కేది మేలు. దానికి ఎవురూ ఏమీ చెప్పరు" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాలుగు అడుగుల అవతల ఇంకొకరి కారు ఉంది. దాని టైర్లు నేను చూశాను, చిన్నపిల్లవాడి గుండులా నున్నగా ఉన్నాయి. వాళ్లు దానిలో ఎక్కి వెళ్లారు. దాని డ్రైవరు వక్కపొడి నములుతూ ఏమీ చెప్పలేదు.

మా వైపూ బయలుదేరేటప్పుడు తుమ్మితే ఆగుతాం, ఎక్కడికని అడిగితే విసుక్కుంటాం. కానీ ఇక్కడ పట్టింపు ఇంకా గట్టిది. కాలు బయట పెట్టాక చెడు మాట చెవిన పడితే ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని మళ్లీ బయలుదేరాలి. నా తమ్ముడు సరిగ్గా ఆ గడియనే ఎంచుకుని ప్రతివాళ్లకూ చెడు మాట చెప్పిస్తున్నాడు.

"బేరమాడేటప్పుడే చెప్పరాదుటరా? బయలుదేరేటప్పుడే ఎందుకు?" అన్నాను.

"బేరం ఆడేవాడు వేరు, కూర్చునేవాళ్లు వేరు అక్కయ్యా. ఆ ముసలమ్మ ప్రాణం గురించి కొడుకు ఒప్పుకుంటే సరిపోతుందా?"

మధ్యాహ్నం హోటలు నుంచి బొరుగుల ఒగ్గాణి తెప్పించాడు. మరమరాలు నానబెట్టి తాలింపు వేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ. రెండణాలు అన్నాడు హోటలు మనిషి. కొత్త లెక్కలో పన్నెండు నయాపైసలు ఇచ్చాను. పదమూడు కావాలన్నాడు. వాదించి పన్నెండే ఇచ్చాను. రాఘవ ఒక బజ్జీ కొరికి పక్కన పెట్టాడు. వారం నుంచి బోణీ లేదని అప్పుడు చెప్పాడు.

మిగిలిన ఆశ ఒక్కటే. ధర్మవరంలో నారాయణప్ప అనే పట్టుచీరల వ్యాపారి తన కూతుర్ని హిందూపురానికి ఇస్తున్నాడు. పిల్లను అత్తవారింటికి పంపడానికి ఈ కారు అడిగాడు. అది సవ్యంగా జరిగితే, చీరల మూటలు, మనుషులు, తన బంధువుల పెళ్లిళ్లు, ఏడాది పొడుగునా ఈ కంపెనీకే ఇస్తానన్నాడు. జరగకపోతే నాగప్పకు వచ్చే నెల జీతం ఇచ్చే దారి లేదు. షెడ్డు ఖాళీ చేయాలి.

పెనుకొండ

పదో తారీఖు సోమవారం పొద్దున కదిలాం. నాగప్ప నాకూ పాఠం అప్పజెప్పాడు. "నాకు తెలుసులే, ఎక్కు" అన్నాను. "తెలిసినా చెప్పల్లమ్మా, సార్ వింటాండాడు" అన్నాడు.

దారి పొడుగునా బండలు, చెనిక్కాయ పొలాలు, అంటే మన వేరుశెనగ, అదీ పంట తీసేసిన ఎర్రమట్టి. మా కృష్ణా కాలువలు చూసిన కళ్లకు ఆ నేల చూస్తే గొంతు ఎండుతుంది. పెనుకొండ దగ్గర మలుపులో ఎద్దుల బండి అడ్డం వచ్చింది. నాగప్ప ఒకసారి తొక్కాడు. కారు పోతూనే ఉంది. రెండోసారి తొక్కాడు. ఆగింది. ఆ రెండు తొక్కుళ్ల మధ్య నా ఒళ్లో పెట్టుకున్న క్యారియరు దొర్లి పులిహోర అంతా రాఘవ పంచె మీద పడింది. వాడు మెతుకులు ఏరుతూ, "చెప్పాం కదా" అన్నాడు. చెప్పడం వల్ల పులిహోర నిలవలేదు అని నేను అనబోయి ఊరుకున్నాను.

పెనుకొండలో ఆ పూట ఉన్నాం. కొండ మీద కోట గోడలు, కూలిన బురుజులు. ఒకప్పుడు రాజులు ఇక్కడ ఉండేవాళ్లట. ఇప్పుడు కింద వీధిలో మేకలు, తాలూకా కచేరి, దర్గాకు వచ్చిపోయే జనం. హోటల్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. మనం అన్నం కలుపుకున్నట్టు సంగటి కలపకూడదట. ముద్ద తుంచి, పచ్చట్లో అద్ది మింగాలి. నేను నమిలాను. వడ్డించే ఆమె, "నమిల్తే పొద్దు గూకుతాది అవ్వా, మింగు" అని నవ్వింది. ఆరణాలకు ఇద్దరం తిన్నాం, ఆ ఊరి ధరలకు మెచ్చుకోవాలి.

బయట జట్కా స్టాండు. ఒక జట్కా ముసలాయన బీడీ కాలుస్తూ మా కారు కేసి చూసి, "ఇదేనా ఆ చెప్పి ఎక్కించే కారు?" అన్నాడు. పేరు అప్పటికే పెనుకొండ దాకా వచ్చింది.

"ఇదే" అన్నాడు రాఘవ.

"ఏమప్పా, నీకు చదువు ఎక్కువైందంట కదా, ఒక మాట చెబుతా విను. నా గుర్రం కరుస్తాది. కొన్ననాటి నుంచి కరుస్తానే ఉండాది. ఒకనికన్నా చెప్పినానా? చెప్పింటే నా పిల్లోళ్లు ఏం తిందురు?"

"కరిచినవాళ్లు ఏమంటారు?"

"ఏమంటారు, తిడతారు. తిట్టుకుంటా మల్లీ ఎక్కుతారు. నీ కారు ఇంకా ఎవుర్నీ కరవనే ల్యా, అప్పుడే అందరూ దిగిపోతాండారు!"

నాగప్ప పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. రాఘవ నవ్వలేదు. మెల్లిగా, "అక్కయ్యా, ఆ గుర్రం ఎవరిని కరిచినా ఆయనకు నిద్ర పడుతుంది. అది నాకు రావడం లేదు" అన్నాడు.

ధర్మవరం

పదకొండో తారీఖు మధ్యాహ్నానికి ధర్మవరం చేరాం. వీధిలోకి వెళ్లగానే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. నేలలో గుంట తీసి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. మగవాళ్లే కాదు, ఆడపిల్లలూ కూర్చుంటారు. నారాయణప్ప కూతురు రుక్కమ్మ పెళ్లికి ముందు రోజు కూడా మగ్గం దిగలేదు. అంచులో ఒక నెమలి మిగిలిందట, అది ముగించి లేచింది. పంతొమ్మిదేళ్లు, చామనఛాయ. మాట తక్కువ, చూపు సూటిగా ఉంటుంది.

నారాయణప్ప మంచి మర్యాదస్థుడు. కాఫీ ఇచ్చి, మాకు చీరలు చూపించాడు. ఒకటి విప్పి, కొంగు దగ్గర వేలు పెట్టి, "ఈడ చూడండి, ఒక పోగు తెగి అతుకు పడింది. కొనేవాళ్లకు మేమే చూపిస్తాం. దాచం. ధర తగ్గిస్తాం" అన్నాడు.

రాఘవ ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు తన మాట అర్థమయ్యే మనిషి దొరికాడని అనుకున్నాడు. వెంటనే కారు సంగతి చెప్పేశాడు. బ్రేకు, రెండు తొక్కుళ్లు, దొరకని రబ్బరు ముక్క, అన్నీ.

నారాయణప్ప శ్రద్ధగా విన్నాడు. "నిదానంగా పోతే ఏం కాదు కదా? సరే. నాకు చెప్పినావు, చాలు. నేను ఒప్పుకుంటాండా."

"ఎల్లుండి మీ అమ్మాయికి కూడా చెప్పాలండీ. కూర్చునేది ఆమె."

ఆయన చీర మడతపెట్టడం ఆపాడు. "పిల్లకా? ఎక్కేతప్పుడా?"

"అది మా నియమం."

"సామీ, ఈ అతుకు కొనేవానికి చూపిస్తా. కట్టుకునే ఆడమనిషికి యాడ చూపిస్తా? ఆమె మొగుడు చూసినాడు, కొన్నాడు, ఆమె కట్టుకుంటాది. యాపారమంటే అంతే." గొంతు పెంచకుండానే అన్నాడు. "నా బిడ్డ ఇంటి గడప దాటే గడియలో బ్రేకు అనే మాట పలికితే నేను ఊరుకోను. ఆ నిమిషమే ఇంకో కారు తెప్పిస్తా. ఏడాది బేరం కూడా మర్చిపో."

ఆ సాయంత్రం నాగప్ప మా బసకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "సార్, ఈ ఒక్కతూరి నోరు మూసుకుంటే కంపెనీ బతుకుతాది. నాకు ముగ్గురు పిల్లోళ్లు. నేను ఏడన్నా గుద్దితే అప్పుడు తిట్టండి. నేను గుద్దను సార్, ఈ బ్రేకు నా కాలికి తెలుసు."

"నీ కాలికి తెలుసు. ఆమెకు తెలియదు" అన్నాడు రాఘవ. అంతకంటే ఏమీ తేల్చలేదు. నేను కూడా నాగప్ప పక్షమే. అదే చెప్పాను. వాడు నా వైపు చూసిన చూపులో చిన్నప్పటి తమ్ముడు కనిపించాడు, అన్నం వద్దని మొండికేసి కూర్చున్నవాడు.

గడప దగ్గర

బుధవారం పెళ్లి అయింది. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం. ఓళిగ అంటే మన బొబ్బట్టే, కానీ అరచేయి అంత కాదు, ఆకు అంత ఉంటుంది. మన వైపు పప్పు పూర్ణం రుబ్బుతాం, వీళ్లు ఇంకా మెత్తగా రుబ్బుతారు. ఒకటిన్నర తిన్నాను.

గురువారం పొద్దున ప్రయాణం. పుణ్యస్త్రీ ఒకామె పిల్ల పక్కన కూర్చోవాలని, నారాయణప్ప తల్లి నన్ను చెయ్యి పట్టుకుని కారెక్కించింది. "దూరం నుంచి వచ్చిన ముత్తైదువ, మంచిదే" అంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెళ్లికొడుకు ఇంకా వాకిట్లో పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతున్నాడు. వెనక సీట్లో నేను, రుక్కమ్మ. ఆమె చేతుల్లో వడిబియ్యం మూట. ఏడుపు అయిపోయి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

నాగప్ప కారు ముందుకు వెళ్లి నిలబడలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చుని, ముందుకే చూస్తున్నాడు. నారాయణప్ప హారతి పళ్లెం దగ్గర నిలబడి మా తమ్ముడినే చూస్తున్నాడు.

రాఘవ కారు చుట్టూ తిరిగి, టైరు చూసేవాడిలా వంగి, మా కిటికీ దగ్గర తల పెట్టాడు. ఆమెకూ నాకూ తప్ప వినపడనంత మెల్లిగా చెప్పాడు. పాఠం మొత్తం చెప్పాడు. మొదటి తొక్కు, రెండో తొక్కు. "ఇష్టం ఉంటే కూర్చో అమ్మా, లేకపోతే లేదు."

రుక్కమ్మ బెదరలేదు. "చెప్పినాక దిగొచ్చా, తాతా?"

"దిగొచ్చు."

"దిగితే నన్ను ఎవురూ ఏమీ అనరా?"

"అనకూడదు. అది మా కంపెనీ నియమం."

ఆమె వాకిలి వైపు చూసింది. హారతి పళ్లెం, మేళగాళ్లు, తండ్రి, అవ్వ, వంగి మొక్కుతున్న పెళ్లికొడుకు, అరుగుల మీద నిండా జనం. మళ్లీ మా తమ్ముడి ముఖంలోకి చూసింది.

"మీ కంపెనీ నియమం వీళ్లకు తెలుసునా?"

ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పినవాడు, కిటికీ అంచు పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు.

"పోనీండి" అంది ఆమె. "పొద్దెక్కుతాండాది."

పెళ్లికొడుకు వచ్చి కూర్చున్నాడు. నిమ్మకాయలు చితికాయి. మేళం వాయించారు. నారాయణప్పకు ఏమీ వినపడలేదు, ఆయన ముఖంలో కృతజ్ఞత కనిపించింది.

తిరుగు దారి

కొత్తచెరువు ఊళ్లో కారుకు నీళ్లు పోయడానికి ఆగాం. పెనుకొండ దాటాం. ఎక్కడా ఏమీ జరగలేదు. నాగప్ప అంత జాగ్రత్తగా నడపడం నేను చూడలేదు. రుక్కమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ముందు సీట్లో రాఘవ, దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కు తిరగలేదు. హిందూపురంలో అత్తగారు దిష్టి తీసి పిల్లను దించుకున్నారు.

షెడ్డుకు రాగానే రాఘవ, "నాగప్పా, తాళం ఇలా ఇవ్వు" అన్నాడు. "ఆ రబ్బరు ముక్క వచ్చేదాకా ఈ కారు తియ్యను."

"ఎప్పుడొస్తాది సార్?"

"తెలియదు."

శనివారం నారాయణప్పే వచ్చాడు, తాంబూలంతో, ఏడాది బేరంతో. రాఘవ కారు తియ్యనన్నాడు. ఆయనకు అర్థం కాలేదు.

"ఇన్ని దినాలూ తీస్తానే ఉంటివి కదప్పా?"

"ఇన్ని రోజులూ చెప్పి తీశాను."

"ఇప్పుడూ చెప్పు. నేను వద్దన్యానా? నాకు చెప్పు, నాగప్ప నడుపుతాడు, పని అయిపోతాది."

రాఘవ తల అడ్డంగా ఊపాడు. ఆయన తాంబూలం బల్ల మీద పెట్టి లేచాడు. వాకిట్లో నాగప్పతో ఏదో మాట్లాడాడు. నాగప్ప లోపలికి వచ్చి, తలపాగా తీసి, "సార్, నారాయణప్ప సొంత కారు కొంటాడంట. నన్ను రమ్మంటాండాడు" అన్నాడు. "పో నాగప్పా" అన్నాడు రాఘవ. నాగప్ప నా కాళ్లకు దండం పెట్టాడు, రాఘవ కాళ్లకూ పెట్టాడు, గోడ మీది సున్నపు రాతల కేసి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేనే వండాను. ఇద్దరమే తింటున్నాం. నాకు లోపల దాచుకోవడం చేతకాదు, అడిగేశాను.

"అంత ఏడాది బేరం చేతికి వచ్చింది కదరా. ఆ పిల్లకు చెప్పావు, నీ నియమం తప్పలేదు, వాళ్లకూ కోపం రాలేదు. ఇంక నీకేం తక్కువైంది?"

మజ్జిగ పోశాను.

"పోనీ ఆ పిల్ల నిజంగానే దిగి ఉంటే ఏం చేసేవాడివి?"

"దిగదని తెలుసు అక్కయ్యా" అన్నాడు. "తెలిసే చెప్పాను."

అన్నం సగం విడిచి లేచి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినపడింది.